ఢిల్లీ ఎన్ని సద్దుల దూరం

విమానం ఎక్కి దిగి వచ్చినప్పటినుంచి నన్ను నిలబెట్టి అడగని మనిషి మా ఊళ్లో లేడు. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అక్షరాలు నాకు యాభై దాటాక, చర్చి వెనక రాత్రి బడిలో వచ్చాయి. వచ్చినవాటిని ఊరికే ఉంచుకోవడం ఎందుకని ఇది రాస్తున్నాను. రెక్కలు ఎట్లా పనిచేస్తాయో, ఇంజను ఏం తాగుతుందో నాకు తెలియదు. ఆ సంగతులు కావలసినవాళ్లు వేరే పుస్తకం చూసుకోవచ్చు.

ఆళ్లగడ్డ

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. నల్లరేగడి నేల, శెనగ, జొన్న. మా ఇళ్లలో పాతవాళ్లు దూరాన్ని మైళ్లలో చెప్పరు, సద్దుల్లో చెబుతారు. దారిలో తినడానికి గుడ్డలో కట్టుకుపోయే ఒక్క పూట తిండి, ఒక సద్ది. కోయిలకుంట్ల సద్ది అక్కరలేని దూరం. ఆత్మకూరు ఒక సద్ది. బండి కట్టుకుని నల్లమల అవతలికి పోవాలంటే నాలుగు. ఇంటికి చుట్టం వస్తే కాళ్లకు నీళ్లిచ్చి మొదట అడిగే మాట, "ఎన్నో సద్ది విప్పినావు?" అని. ఆ మాటకు వచ్చే జవాబునుబట్టి మనిషి ఎంత అలిసిపోయాడో తెలుస్తుంది.

కట్టడానికీ ఒక వరస ఉంది. తొందరగా చెడేది ముందు, చెడనిది చివర. మొదటి రెండు పూటలకు సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి. తర్వాత మెత్తటి జొన్న రొట్టెలు. ఆ తర్వాత ఎండబెట్టిన సజ్జ రొట్టెలు. ఆఖరికి బొరుగులు, వేయించిన శెనగలు. వరస తప్పి విప్పేవాడిని మావాళ్లు మనిషి కింద లెక్కపెట్టరు.

నా భార్య రూతమ్మకు గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని కర్నూలు డాక్టర్లు చెప్పారు. మా పెద్దవాడు సామ్యేలు ఢిల్లీలో సర్కారు గుమాస్తా. అక్కడి పెద్దాసుపత్రిలో చూపిస్తానని తల్లిని రైల్లో తీసుకుపోయాడు. ఆ ప్రయాణానికి తొమ్మిది సద్దులు పట్టాయి. ఆమే కట్టుకుంది, దారిపొడుగునా ఆమే లెక్కపెట్టుకుంటూ విప్పింది. తొమ్మిది సద్దుల దూరం మా పల్లెలో అంతకుముందు ఎవరూ పోలేదు.

క్రిస్మస్ ముందు వారంలో మంగళవారం సాయంత్రం పోస్టాఫీసుకు ట్రంకాల్ వచ్చింది. సామ్యేలు గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"నాయినా, శుక్రవారం పొద్దున అమ్మ వంతు. ఆపరేషన్ వద్దే వద్దంటాంది. ఈ వంతు పోతే మళ్లా ఎండాకాలమే అంట. అంతదాకా గుండె ఆగదంటాండారు."

ఎందుకు వద్దంటోందని అడిగాను.

"ఇంత దూరంలో పోతే ఈడనే పూడ్చేస్తారు, తొమ్మిది సద్దులు దాటి మీ నాయన మట్టెయ్యడానికి గూడా రాలేడు అంటాంది. గోడవైపు తిరిగి పండుకొని అదే మాట. నువ్వొచ్చి చెప్తేగాని వినదు నాయినా."

రైలెక్కితే నేను శనివారానికిగాని చేరను. వాడు అప్పటికే ఆలోచించి పెట్టాడు. హైదరాబాదులో వాడి స్నేహితుడు విమానం టికెట్ తీసి ఉంచుతాడు, గురువారం పొద్దున విమానం. దాని ధర అడగొద్దన్నాడు. నేను అడగలేదు.

ఇంటికొచ్చి చెప్తే చిన్నకోడలు సుగుణ అడిగిన మొదటి మాట, "మామా, విమానానికి ఎన్ని సద్దులు కట్టాల?" అని.

ఎవరికి తెలుసు? రాత్రి బడి అయ్యవారిని అడిగాము. విమానం రైలుకంటే చాలా బిరీన పోతుందన్నాడు. ఎంత బిరీన అంటే చెప్పలేకపోయాడు. చర్చి పెద్ద ఒకాయన మాత్రం, "బండి ఏదైతే ఏమప్పా, ఢిల్లీ జరిగి దగ్గిరికొస్తాదా?" అన్నాడు. ఆ మాట అందరికీ సబబుగా తోచింది. తొమ్మిది సద్దులే కట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా వచ్చి రొట్టెలు తట్టారు. బుధవారం తెల్లవారుతూ సుగుణ సంగటి కెలికింది.

నంద్యాల

మూటలు ఒకదాని మీద ఒకటి పెడితే సంగటి నలుగుతుందని నంద్యాలలో దిగి డబ్బా కొన్నాను. బస్టాండు దగ్గర రేకు డబ్బాల అంగడి ఖాదర్ బాషాది. మాకు పాత ఎరుక. శెనగలు పోసుకునే డబ్బాలన్నీ ఆయన దగ్గరే కొంటాము. విమానం ఎక్కబోతున్నానంటే ఆయన సుత్తి కింద పెట్టాడు.

ఆయన అన్న కొడుకు దుబాయి పోయి వచ్చాడట. ఆ లెక్కన ఖాదర్ బాషాకు విమానం గురించి అంతా తెలుసు. కిటికీ పక్కన కూర్చోవద్దన్నాడు, చూస్తే తల తిరుగుతుందట. చెవులు మూసుకుపోతాయి, ఆవులించాలన్నాడు. పైన చలి ఎక్కువ, ఢిల్లీలో ఇంకా ఎక్కువ అని చెప్పి లోపలికి పోయి తన కోతి టోపీ తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఎర్రటి ఉన్నిది, కళ్లు తప్ప ఏమీ కనిపించదు.

"అక్కను బాగా చేయించుకొని రా అన్నా. డబ్బాకు దుడ్లు వచ్చినాక ఇద్దువులే" అన్నాడు.

అప్పు పెట్టి ఇంత దూరం పోను అని చెప్పి ఇచ్చేశాను. టోపీకి మాత్రం ఏమీ ఇవ్వలేదు. ఇస్తే కొట్టేలా ఉన్నాడు.

నంద్యాలలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బస్సెక్కాను. పాణ్యం దాటాక రోడ్డు పొడుగునా బోర్డులు చదువుకుంటూ పోయాను, అది నాకు అలవాటు. మైలురాళ్లు, సిమెంటు, ఎరువులు, కుటుంబ నియంత్రణ, ఏదైనా సరే. ఆలస్యంగా నేర్చుకున్నవాడికి గోడ మీద రాత కనిపిస్తే ఊరుకోబుద్ధి కాదు. కర్నూలు బస్టాండులో మధ్యాహ్నం మొదటి సద్ది విప్పాను. సంగటి ఇంకా గోరువెచ్చగా ఉంది. హైదరాబాదులో రాత్రికి సామ్యేలు స్నేహితుడి ఇంట్లో అన్నం పెట్టారు. ఒకరింట్లో వేడన్నం తింటే అది సద్ది లెక్కలోకి రాదు.

బేగంపేట

పొద్దున్నే విమానాశ్రయంలో డబ్బాను తూచి, లోపలికి పంపాలి, చేతిలో పెట్టుకోకూడదు అన్నారు. రెండో సద్ది మూట ఒక్కటి మాత్రం తీసి చేతిలో పెట్టుకున్నాను. వరస ప్రకారం తర్వాత విప్పవలసింది అదే.

సోదా చేసేచోట పోలీసు మూట విప్పమన్నాడు. విప్పాను. ఊరిబిండి వాసన ఆ గదంతా కమ్ముకుంది. వెనక వరసలో సూటు వేసుకున్నాయన ముక్కు దగ్గర రుమాలు పెట్టుకున్నాడు. పోలీసు కుర్రవాడు సంగటి ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు. కావాలంటే తుంచి చూసుకో, అందులో జొన్న తప్ప ఏమీ లేదన్నాను.

"జొన్న సంగటి నాకు తెల్దా పెద్దాయనా? మాది పొద్దుటూరు" అన్నాడు. ఆరు నెలలైందట ఇంటికి పోయి. నేనే చిటికెడు ఊరిబిండి తీసి వాడి అరచేతిలో పెట్టాను. గోడవైపు తిరిగి నాక్కున్నాడు. తిరిగేసరికి మళ్లీ పోలీసు.

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మైకులో ఏదో చెప్పారు. అందరూ లేచి కాఫీ వైపు పోయారు. పక్కన కూర్చున్న ముసలాయనను అడిగితే, ఢిల్లీలో పొగమంచు కమ్మింది, అది విడిచేదాకా విమానం కదలదు అన్నాడు. ఆయన హైదరాబాదు వకీలు. తెల్ల గడ్డం, నల్ల షేర్వానీ, తెలుగులో సగం ఉర్దూ. మా ఆళ్లగడ్డ సాయిబులతో తిరిగినవాడిని కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

ఎప్పుడు విడుస్తుందని అడిగాను. గంట కావచ్చు, రేపు కావచ్చు అన్నాడు. రాత్రికల్లా రూతమ్మ ఒప్పుకోకపోతే ఆ వంతు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆకాశంలో పోయే బండి అన్నారు, అది ఎడ్లబండి మాదిరి బురదలో దిగబడినట్టు నేల మీదనే కూర్చుంది. అక్కడ కాఫీ ధరకు నంద్యాలలో ఇద్దరు కడుపునిండా టిఫిను తింటారు. నేను తాగలేదు. వకీలుసాబు తెప్పించి బలవంతంగా చేతిలో పెట్టాడు.

ఏం పని మీద పోతున్నావని అడిగాడు. దాచిపెట్టడం నాకు రాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తొమ్మిది సద్దుల సంగతి కూడా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన షేర్వానీ చేతిని పైకి లాగి చూపించాడు. భుజానికి పచ్చగుడ్డ కట్టి ఉంది, అందులో ఒక నాణెం. దూరం పోయేవాళ్లకు ఇంట్లో ఆడవాళ్లు కడతారట. చేరినాక విప్పి ఆ నాణెం ఎవరైనా పేదవాడికి ఇవ్వాలట. ముందు తల్లి కట్టేది, తర్వాత భార్య, ఇప్పుడు కూతురు కడుతోంది.

"నెలకు రెండుసార్లు పోతా ఢిల్లీ. రెండు గంటల రాస్తా. అయినా కట్టనిదే గడప దాటనివ్వదు. నీ సద్ది, నా నాణెం, రెండూ ఒకటే పెద్దయ్యా" అన్నాడు.

నాకు ఒక్కటే మాట వినిపించింది. రెండు గంటలా అన్నాను.

"అవ్, రెండు గంటలు. ఎనిమిది వందల మైళ్లకు కొంచెం తక్కువ."

నమ్మలేదు. మా పల్లెనుంచి నంద్యాలకు బస్సు కోసం నిలబడి, ఎక్కి, దిగడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఆకాశంలో

మధ్యాహ్నానికి మైకు మళ్లీ పలికింది. ఈసారి అందరూ సంచులు అందుకున్నారు. నేను అందరికంటే ముందు నడిచాను. వెనకనుంచి ఎవరో ఏదో అన్నారు, నేను పట్టించుకోలేదు.

ఖాదర్ బాషా వద్దన్న కిటికీ పక్క సీటే నాకు వచ్చింది, దాని పక్కది వకీలుసాబుకు. తల తిరగలేదు. కింద చేలు చూస్తే శెనగచేనేదో వరిమడేదో తెలియలేదు. రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టిన బొంత మాదిరి ఉంది నేల. ఎవరి గట్టు ఎక్కడిదాకా అని తగాదాలు పడే మనుషులు ఒకసారి ఇక్కడినుంచి చూస్తే బాగుంటుంది. గట్టే కనిపించదు.

కాసేపటికి ఒక అమ్మాయి పళ్లెం తెచ్చి పెట్టింది. పిల్లలు బొమ్మల పెళ్లికి వండినట్టు అన్నీ చిన్నచిన్నవి. చిటికెడు అన్నం, వేలెడు రొట్టె, ఉప్పు ఒక పొట్లంలో, మిరియం ఇంకొక పొట్లంలో. తిండి టికెట్లోనే కలిపారని వకీలుసాబు చెప్పాక తిన్నాను. కడుపు నిండలేదు, ఆకలీ మిగలలేదు. మూట ఒళ్లోనే ఉంది. విప్పుదామా అనుకుంటూ ఉండగానే విమానం నడిపే ఆయన ఏదో చెప్పాడు.

"దిగుతున్నం" అన్నాడు వకీలుసాబు.

ఆ మూట అట్లాగే చేతిలో పట్టుకుని ఢిల్లీలో దిగాను. మెట్ల దగ్గర వకీలుసాబు భుజం మీది గుడ్డ విప్పి, నాణెం అక్కడ ఊడుస్తున్న మనిషి చేతిలో పెట్టాడు. నా భుజం తట్టి, రూతమ్మకు సలాం చెప్పమన్నాడు. ఆయన పేరు అడగడం మరిచిపోయాను.

ఢిల్లీ

బయట చలి సూదులతో పొడిచింది. పంచె కట్టుకుని వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. కోతి టోపీ పెట్టుకుని డబ్బాతో బయటికొస్తే సామ్యేలు నన్ను గుర్తుపట్టక నా పక్కనుంచి వెళ్లిపోయాడు. గట్టిగా పిలిస్తే వెనక్కి వచ్చాడు. తన స్వెటరు విప్పి నాకు తొడిగి ఆటోలో కూర్చోబెట్టాడు. దారి పొడుగునా బోర్డులు ఉన్నాయి, ఒక్క అక్షరం నాది కాదు. పదేళ్లు వెనక్కి పోయినట్టు అనిపించింది. వాడు తల్లి సంగతి చెప్తూనే ఉన్నాడు. పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదట. రాత్రి ఎనిమిది లోపల ఏదో ఒకటి చెప్పమని డాక్టరమ్మ అడిగిందట.

వార్డులో పన్నెండు మంచాలు. కిటికీ దగ్గర మంచం మీద రూతమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చిక్కిపోయింది. నాయిన వచ్చాడని సామ్యేలు చెప్పాడు.

"మీ నాయన యాడొస్తాడు?" అంది గోడతోనే. "మొన్న గదా నువ్వు ఫోన్ చేసింది. రెక్కలుండాయా?"

"బాడుగకు తెచ్చినా. ఇట్ల తిరుగు" అన్నాను.

తిరిగింది. టోపీ చూసింది, స్వెటరు చూసింది, పంచె చూసింది. ఎట్లా ఉన్నావని అడగలేదు. మావాళ్లకు అలవాటైన మాటే అడిగింది.

"ఎన్నో సద్ది విప్పినావు?"

"ఒకటి. కర్నూల్లో."

"చావబోయే మనిషి కాడ అబద్ధాలాడొద్దు."

నేను మూట ఆమె ఒళ్లో పెట్టాను. ఆ గుడ్డ మా ఇంటిదే, ఆమె పాత చీర కొంగు. ముడి విప్పింది. సంగటి ముద్దను బొటనవేలితో నొక్కింది. నలభై ఏళ్లు పొద్దూ మాపూ సంగటి కెలికిన మనిషి. నొక్కి, వాసన చూసి, గోరంత తుంచి నాలుక మీద పెట్టుకుంది. నేనూ సామ్యేలూ నిలబడే ఉన్నాము.

"సుగుణ చెయ్యి. నూక సరిగ్గా ఉడకలా" అంది. ఇంకొంచెం నమిలింది. "పులుపు ఇప్పుడిప్పుడే తగులుతాంది. నిన్న పొద్దున కెలికింది."

అవునన్నాను.

ముద్దను మళ్లీ ఒకసారి నొక్కి చూసింది. తొమ్మిది సద్దులు తన చేత్తో లెక్కపెట్టి విప్పిన మనిషికి, ఒక సద్ది దూరం నోట్లో తగులుతోంది. నా మాటైతే నమ్మేది కాదు. సంగటి మాట కాదనలేదు.

"పోతే?" అంది నెమ్మదిగా.

"పోతే తీసకపోతా. మన గడ్డకే, మీ అమ్మ పక్కనే. సంగటే చెడలా, నువ్వు చెడతావా?"

సామ్యేలు నాయినా అని నా చెయ్యి పట్టుకున్నాడు. రూతమ్మ మాత్రం నవ్వింది. నవ్వి దగ్గింది, దగ్గుతూ నవ్వింది. పక్కమంచం ఆమె లేచి నీళ్లిచ్చింది. విమానంలో శవాన్ని ఎక్కించుకుంటారో లేదో నాకు తెలియదు. నేను ఎవరినీ అడగలేదు. రూతమ్మ కూడా మళ్లీ అడగలేదు.

"ఆ డాక్టరమ్మను రమ్మను" అంది కొడుకుతో. "ఈ మిగిలింది మూతబెట్టి దాచు. లేచినాక తింటా."

శుక్రవారం, ఆ తర్వాత

శుక్రవారం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. బెంచీ మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, ఎదురుగోడ మీద చదవలేని బోర్డును చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి సామ్యేలుతో ఏదో చెప్పింది. వాడు నా పక్కన కూలబడి ఏడ్చాడు. భుజం పట్టి కుదిపితే అంతా బాగుందన్నాడు. బాగా జరిగిందని చెప్పి ఏడవొచ్చు గదరా అని కసిరాను.

వారం తర్వాత రూతమ్మను మళ్లీ వార్డుకు తెచ్చారు. నీళ్లు తాగి, నన్ను చూసి, సంగటి ఎక్కడ అని అడిగింది. బూజు పట్టింది, పారేశానని చెప్పాను. ఆ బలహీనతలో కూడా నన్ను తిట్టింది. పారేసేవాడికి సద్ది ఎందుకు కట్టాలని. వరస ప్రకారం అప్పటికి సజ్జ రొట్టెల వంతు వచ్చింది. డాక్టరమ్మను అడిగి పాలలో నానబెట్టి ఇచ్చాము.

అది చూసి పక్కమంచం ఆమె లేచి కూర్చుంది. హర్యానా పల్లె ఆమెది, పేరు ధనో. ఇంటినుంచి వచ్చిన గుడ్డమూట విప్పి చూపించింది. అచ్చం మా సజ్జ రొట్టె, కాస్త మందం. వాళ్లు నెయ్యి రాస్తారు, మేము రాయము. శెనగాకు కూర కూడా తెప్పించింది. చలికాలంలో లేత శెనగాకు గిల్లి వండుకునేది మేమొక్కరమే అనుకునేవాడిని. ఇద్దరు ఆడవాళ్లకూ ఒకరి మాట ఒకరికి రాదు. అయినా రోజంతా మాట్లాడుకునేవాళ్లు. ధనో కూడా గుండె ఆపరేషను వద్దంటూ ఉండేది, ఆమెను ఒప్పించడానికి రూతమ్మ సంజ్ఞలతో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. కోసిన చోటు చూపించి, నవ్వి, రొట్టె చేతిలో పెట్టడం మాత్రం చూశాను.

మళ్లీ ఆళ్లగడ్డ

నెలన్నర తర్వాత రైల్లోనే వచ్చాము. తొందర లేనప్పుడు విమానం ఎందుకని రూతమ్మే అంది. దారికి ధనోవాళ్లు కట్టి ఇచ్చిన రొట్టెలు నాగపూరు దాకా వచ్చాయి.

ఖాదర్ బాషాకు టోపీ తిరిగి ఇస్తే తీసుకోలేదు. అది ఢిల్లీ చూసి వచ్చిన టోపీ, నీ దగ్గరే ఉండనీ అన్నాడు. ఇంటికి చేరిన సాయంత్రం వాకిలి నిండా జనం. విమానం ఎంత ఎత్తు పోయింది, లోపల ఏం పెట్టారు, ఎనిమిది వందల మైళ్లు అంటే ఎంత అని ఒకటే ప్రశ్నలు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. చర్చి పెద్ద అడ్డం తగిలి, అవన్నీ మాకెందుకు, అసలు ఢిల్లీ ఎన్ని సద్దుల దూరమో చెప్పు అన్నాడు.

లోపల మంచం మీదనుంచి రూతమ్మ చెప్పింది.

"ఒకటి. ఆ రెండోది ఈయన విప్పలా, నేనే విప్పినా."